పికప్ మైలేజీ పడిపోతే ముందు జాకీ తీయండి

అన్నా, మదనపల్లె నుంచి చెన్నైకి టమాటా తోలే మీ బొలెరో పికప్ లీటరుకు 13 ఇచ్చేది 10కి పడింది, ఇంజన్ పని చేయించాలా అని అడిగారు కదా. ఇంజన్ జోలికి ఇప్పుడే పోవద్దు.

ఓ 30 కిలోమీటర్లు తిరిగొచ్చి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. తగిలించొద్దు, కాలుతుంది. ఒకటే బాగా సెగ కొడుతుంటే అక్కడ బ్రేక్ పట్టేస్తోందన్నమాట. జాకీ ఎత్తి చేత్తో తిప్పితే తెలిసిపోతుంది. నా బండికి ముందు ఎడమ చక్రం అర చుట్టు కూడా తిరగలేదు. ఆ బ్రేక్ శుభ్రం చేయించాక మైలేజీ మళ్లీ దారికొచ్చింది.

గాలి పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు పట్టించండి. లోడుకు ఎంత ఉండాలో కంపెనీ చెప్పినంతే. ఎయిర్ ఫిల్టర్‌లో దుమ్ము పేరుకుంటే మార్చేయండి, ఖర్చు తక్కువే. ఖాళీగా వచ్చేటప్పుడు 80 తొక్కకుండా 60లో రండి, టార్పాలిన్ గాలికి కొట్టుకోకుండా మడిచి పెట్టండి.

ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ మాత్రం వద్దు. గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే కామన్ రైల్ ఇంజన్ (డీజిల్‌ను కంప్యూటర్ కొలిచి పంపే రకం) తనే డీజిల్ ఆపేస్తుంది, బ్రేకులూ అంతగా వేడెక్కవు.

మైలేజీ పెంచుతామనే సీసాల మందులకు డబ్బు తగలేయకండి. ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్‌కి లెక్క వేసి, ఎంత వచ్చిందో ఇక్కడ చెప్పండి.