రాజ్‌దూత్‌కి సీడీఐ ఎందుకండీ, ముందు కండెన్సర్‌ని బయటికి తెచ్చి చూడండి

ప్రశ్న: "మాది నెల్లూరు. తాతగారి రాజ్‌దూత్ 175 ఉంది. బ్యాటరీ లేకున్నా పొద్దున రెండు కిక్కులకే స్టార్ట్ అవుతుంది. పది పన్నెండు కిలోమీటర్లు పోయాక ఆగిపోతుంది. చల్లారితే మళ్లీ మామూలే. పాయింట్లు పీకేసి సీడీఐ వేయించమంటున్నాడు మెకానిక్. వేయించవచ్చా?"

వద్దు. పాయింట్లంటే ఇంజన్ తిరుగుతుంటే విడిపోతూ స్పార్క్ పుట్టించే చిన్న లోహపు బిళ్లలు, సీడీఐ అంటే ఆ పని ఎలక్ట్రానిక్‌గా చేసే డబ్బా. చల్లారితే మళ్లీ మామూలే అన్నారు చూడండి, జవాబు అందులోనే ఉంది. పాయింట్లు అరిగితే పొద్దున పూట కూడా సతాయిస్తాయి. వేడికి పడుకుని, చల్లారగానే లేచేవి కరెంటు వైపు ముఖ్యంగా రెండు: పాయింట్ల దగ్గర మెరుపులు రాకుండా ఆపే కండెన్సర్ (అంటే కెపాసిటరే), ప్లగ్‌కి ఎక్కువ వోల్టేజీ ఇచ్చే హెచ్‌టీ కాయిల్. ముందు కండెన్సర్‌నే అనుమానించాలి. వేలెడంత కూడా లేని ఆ డబ్బా మ్యాగ్నెట్ (ఇంజన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించే అయస్కాంతపు చక్రం) లోపల ఇంజన్ వేడికి ఉడుకుతూ కూర్చుంటుంది. పైన రోహిణి కార్తె ఎండ.

కోవూరు దాటి కొడవలూరు వచ్చేలోపు బండి ఆగిందనుకోండి. అందరూ చేసే తప్పు, చెట్టు నీడన కూర్చుని చల్లారనివ్వడం. చల్లారితే దొంగ దొరకడు. ఆగిన నిమిషంలోనే చూడాలి. ముందు ట్యాంకు మూత తిప్పండి. ఉస్సుమని గాలి లోపలికి పీల్చుకుని, ఆ తర్వాత బండి స్టార్ట్ అయితే మూతలో గాలి రంధ్రం పూడింది, పిన్నీసు చాలు. కాకపోతే ప్లగ్ విప్పి, క్యాప్‌కి తగిలించి, ప్లగ్ బోరుకు దూరంగా హెడ్‌కి ఆనించి కిక్ కొట్టండి (బోరులోంచి పెట్రోలు ఆవిరి వస్తుంది, జాగ్రత్త). నీలంగా, చిటపటమంటూ పడితే కరెంటు తప్పు కాదు. సన్నగా, నారింజ రంగులో పడితే కండెన్సరో కాయిలో. అసలే పడకపోతే ఇంజన్ ఆపే స్విచ్ వైరు పీకి మళ్లీ చూడండి. ఇలా బ్యాటరీ లేకుండా మ్యాగ్నెట్‌తోనే స్పార్క్ ఇచ్చే మ్యాగ్నెటో బండిలో ఆ వైరు బాడీకి తగిలితే స్పార్క్ చచ్చిపోతుంది. చివరగా మ్యాగ్నెట్ కిటికీలోంచి పాయింట్లు చూడండి. కిక్ కొట్టినప్పుడల్లా అక్కడ పెద్ద మెరుపులు వస్తుంటే కండెన్సర్ పోయినట్టే.

దాన్ని మల్టీమీటర్‌తో చూసి బాగుందనకండి. మీటరు ఇచ్చేది ఒకటి రెండు వోల్టులు. పాయింట్లు విడిపోయే క్షణంలో కండెన్సర్ మీద పడేది రెండు మూడు వందల వోల్టులు.

షాపులో దొరికే కొత్త కండెన్సర్లలో నాసిరకం ఎక్కువ, అదే చోట పెడితే అదీ ఉడుకుతుంది. అందుకే బయటికి తేవాలి. ఎలక్ట్రానిక్స్ షాపులో 0.22 మైక్రోఫారడ్, 630 వోల్టుల పాలీప్రొపైలిన్ ఫిలిం కెపాసిటర్ అడగండి. పైన 224 అని ఉంటుంది. పాత కండెన్సర్ వైరు కత్తిరించి తీసేయండి. రెండూ కలిపి ఉంచకూడదు. కొత్తదాని ఒక కాలు పాయింట్ల నుంచి కాయిల్‌కి పోయే వైరుకి, రెండో కాలు విడి వైరుతో ఇంజన్ బోల్టుకి కట్టండి. ఛాసిస్ పెయింటు మీద బిగిస్తే ఎర్త్ అందదు, పనంతా వృథా. కాళ్లు అదురుకి తెగకుండా ఎరాల్‌డైట్ పోసి, స్లీవ్ తొడిగి, గాలి తగిలే చోట ట్యాంకు కింద క్లిప్పు వేయండి. సోల్డరింగ్ రాదంటే అంబాసిడర్ డిస్ట్రిబ్యూటర్ కండెన్సర్ కూడా పనికొస్తుంది, స్క్రూతో బిగుస్తుంది.

సీలింగ్ ఫ్యాన్ కెపాసిటర్ మాత్రం కట్టనివ్వకండి. అది రెండున్నర మైక్రోఫారడ్ దాకా ఉంటుంది. పదింతలన్నమాట. వోల్టేజీ లేవదు, స్పార్క్ చప్పబడుతుంది. ట్యూబులైట్ స్టార్టర్‌లోదైతే మరీ చిన్నది, వారానికే పాయింట్లు మాడతాయి.

ఇవన్నీ చేసినా వేడికి ఆగుతుంటే అప్పుడు హెచ్‌టీ కాయిల్ మార్చండి.

ఇక సీడీఐ. 1985లో సీడీఐతో యమహా ఆర్ఎక్స్100 వచ్చిన దగ్గర్నుంచి పాయింట్లంటే పాతకాలపు పాపమన్నట్టు చూస్తున్నారు. సీడీఐ డబ్బా ఒక్కటీ తగిలిస్తే పనిచేయదు. దానికి వందల వోల్టులిచ్చే సోర్స్ కాయిల్, స్పార్క్ ఎప్పుడు పడాలో చెప్పే పల్సర్ కాయిల్, పల్సర్‌కి సిగ్నల్ ఇచ్చే గుబ్బ ఉన్న మ్యాగ్నెట్ కావాలి. అంటే వేరే బండి మ్యాగ్నెట్, ప్లేటు తెచ్చి, లేత్ మీద దాని టేపర్ (ఇరుసు మీద కూర్చునే ఏటవాలు రంధ్రం) కలిపి, టైమింగ్ (స్పార్క్ పడే సమయం) మళ్లీ కుదర్చాలి. అంతా చేశాక పల్లె రోడ్డు మీద డబ్బా పోతే నెట్టుకుంటూ రావడమే. పాయింట్లైతే ఆకురాయితో గీసి ఇల్లు చేరొచ్చు.

ఎమరీ పేపర్‌తో రుద్దే వాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ఆ గరుకు పాయింట్ల మధ్య మిగిలి కరెంటుని అడ్డుకుంటుంది. సన్నటి ఆకురాయితో రెండు గీతలు గీసి, పెట్రోలులో ముంచిన కాగితాన్ని మధ్యలోంచి లాగండి, చాలు. గ్యాప్ 0.35 నుంచి 0.45 మిల్లీమీటర్లు. గ్యాప్ పెట్టాకే టైమింగ్ చూడాలి. గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందే విడిపోయి టైమింగ్ అడ్వాన్స్ అవుతుంది, తగ్గితే వెనక్కి పోతుంది. మ్యాగ్నెట్‌ని సుత్తితో కొట్టి ఊడదీసేవాడి దగ్గరికి అసలు పోవద్దు. అయస్కాంతం బలం తగ్గుతుంది, క్రాంకూ (మ్యాగ్నెట్ బిగిసి ఉండే ఇంజన్ ఇరుసు) వంగుతుంది. పుల్లర్ ఉందా అని అడిగాకే బండి ఇవ్వండి.

మైపాడు వైపు, రొయ్యల గుంటల గట్ల మీద తిరిగే బండైతే ఉప్పుగాలికి పాయింట్లు, ఎర్త్ బోల్టు తుప్పు పడతాయి. నెలకోసారి విప్పి చూడండి. పాయింట్ల మీద నూనె తడి కనిపిస్తే అది క్రాంకు సీలు పోయిన గుర్తు. సీలు మార్చకుండా ఎన్ని పాయింట్లు మార్చినా ఆ తడి మళ్లీ వస్తుంది.