పాత చెక్క బోగీ తలుపు అడుగున కుళ్లడం గురించి

నమస్కారం. 1951లో స్వచ్ఛంద సేవకులు చేపట్టి నిలబెట్టిన టాలిలిన్ రైల్వే అనే పాత ఆవిరి రైలు మార్గం తరహాలోనే నడిచే మీ వేల్స్ వర్క్‌షాపులో, పాత చెక్క బోగీ తలుపు అడుగుభాగం కుళ్లిందని, పుట్టీ నింపితే చాలునా అని అడిగారు. చాలదు. ఆ కాలపు తలుపులలో కిటికీ అద్దం లోపలి ఖాళీలోకి దిగుతుంది కాబట్టి దాని వెంట వాననీరు కూడా జారుతుంది. అది అడుగునున్న రంధ్రాల గుండా బయటకు పోవాలి, కానీ ఏళ్ల తరబడి వేసిన రంగు, పేరుకున్న మురికి వాటిని మూసివేస్తే నీరు చెక్కలోనే నిలిచిపోతుంది. ముందు ఆ రంధ్రాలను తెరవండి. తరువాత గట్టి చెక్క తగిలేవరకు కుళ్లును తొలగించి, అదే జాతి కలపను ఏటవాలు అతుకుతో చేర్చండి. పాత రంగులో సీసం ఉండవచ్చు గనుక, పరీక్షించకుండా దయచేసి పొడిగా గీకవద్దు. ఆ ధూళి మీ తోటి సేవకులకూ హాని చేస్తుంది.