ఏ పరిశ్రమ నలుగురిని లాక్కొస్తుంది?

ప్రశ్న: వర్ధమాన దేశాల వృద్ధికి ఊతమిచ్చే పరిశ్రమలు ఏవని అడిగితే, జీడీపీలో పెద్ద వాటా ఉన్నవి రాస్తే సరిపోతుందా సార్?
– డిగ్రీ విద్యార్థిని, కూకట్‌పల్లి

జవాబు: సరిపోదమ్మా. వాటాను బట్టి ఆ పరిశ్రమ ఎంత పెద్దదో తెలుస్తుంది గానీ, పక్కవాళ్లను పైకి లాగుతోందో లేదో తెలియదు. నైజీరియా ఎగుమతుల రాబడిలో సింహభాగం ముడిచమురుదే. ఆ బావుల దగ్గర పని దొరికేది మాత్రం కొద్దిమందికే.

నేను క్లాసులో ఎప్పుడూ బంగ్లాదేశ్ చొక్కాల సంగతే చెప్పేవాణ్ణి. 1979లో దేశ్ గార్మెంట్స్ అనే కంపెనీ 130 మందిని దక్షిణ కొరియాలోని దేవూ కంపెనీకి శిక్షణ కోసం పంపింది. కుట్టుపనితో పాటు నాణ్యత చూడడం, సరుకు అమ్మడం కూడా నేర్చుకొచ్చారు. 1980లో కుట్టినవి 43 వేల చొక్కాలే. కానీ ఆ దశాబ్దం ముగిసేసరికి 130 మందిలో 115 మంది బయటికొచ్చేశారు. కొందరు సొంత ఫ్యాక్టరీలు పెట్టారు, కొందరు కొత్తవాటిలో చేరారు. కంపెనీకి అది నష్టమే కావచ్చు, దేశానికి మాత్రం పెద్ద లాభం. నువ్వు వెతకాల్సింది ఇదే: గేటు దాటి బయటికొచ్చే పనితనం.

ప్రభుత్వమూ చేయూతనిచ్చింది. ఎగుమతికి కుట్టే గుడ్డను సుంకం కట్టకుండా తెచ్చుకోనిచ్చారు. విదేశీ కొనుగోలుదారు ఇచ్చిన ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే సరుకు పంపిన పత్రాలు చూపితే డబ్బు చెల్లిస్తామని బ్యాంకు ఇచ్చే హామీ) చూపిస్తే, గుడ్డ కొనడానికి బ్యాంకు ఇంకో ఎల్‌సీ తెరిచేది. దాంతో పెద్దగా పెట్టుబడి లేనివాళ్లు కూడా మిషన్లు వేసుకోగలిగారు. ఇవాళ ఆ దేశ ఎగుమతుల్లో 80 శాతం పైగా రెడీమేడ్ దుస్తులే. దాదాపు 40 లక్షల మందికి అదే జీవనం, అందులో ఎక్కువమంది ఆడవాళ్లు. కానీ దీనికి ఇంకో వైపూ ఉంది. 2013లో దుస్తుల ఫ్యాక్టరీలున్న రానా ప్లాజా అనే భవనం కూలి 1,134 మంది చనిపోయారు. గోడలు బీటలిచ్చాయని ముందురోజే తెలిసినా కార్మికులను పనిలోకి రప్పించారు. నీ జవాబులో ఈ మాట తప్పకుండా ఉండాలి.

మీ పక్కనే ఉన్న బాలానగర్ ఐడీపీఎల్‌ని కూడా ఇదే కంటితో చూడు. నష్టాలతో మూతబడ్డ ప్రభుత్వ మందుల తయారీ సంస్థే. కానీ అక్కడ పనిచేసిన అంజిరెడ్డి గారే 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. అక్కడ చేయి తిరిగినవాళ్లు ఇంకెందరో హైదరాబాద్ చుట్టుపక్కల బల్క్ డ్రగ్ (మాత్రల్లో వాడే అసలు మందు పదార్థం) యూనిట్లలో కనిపిస్తారు. వాళ్లకు కలిసొచ్చింది 1970 పేటెంట్ చట్టం. మందుకు కాక, దాన్ని తయారుచేసే పద్ధతికే పేటెంట్ ఇవ్వడంతో వేరే పద్ధతిలో అదే మందు చేసుకునే దారి దొరికింది.