డ్రమ్స్ హోరులో చెల్లో వినబడాలంటే

మీరు అడిగింది: గిటార్, బేస్, డ్రమ్స్ వాయించే ముగ్గురు, స్ట్రింగ్ క్వార్టెట్ (రెండు వయొలిన్లు, వాటికన్నా కాస్త పెద్దదైన వయోలా, ఇంకా పెద్దదైన, కింది స్వరాలు పలికే చెల్లో) వాయించే నలుగురు స్నేహితులు కలిశారు, అందరూ మొదలుపెట్టగానే చెల్లో, వయోలా మాయమైపోతున్నాయి, మైకులు కొనాలా అని.

మైకుల సంగతి తర్వాత. నేను ఇలాంటి గ్రూపులోనే చెల్లో వాయిస్తాను. అసలు తగాదా అరేంజ్‌మెంట్‌లో, అంటే ఎవరు ఎక్కడ ఏం వాయించాలన్న పంపకంలో ఉంటుంది. చెల్లో మందపు తీగ సుమారు 65 హెర్ట్జ్, గిటార్‌ది సుమారు 82. అంటే ఇద్దరిదీ ఒకే స్థాయి. పైగా డిస్టార్షన్ (గిటార్ ధ్వనిని గరగరలాడించే ఎఫెక్ట్) పెడితే ఆ పైనంతా గిటారే నిండిపోతుంది. మేం చరణాల్లో బేస్ గిటార్ ఆపేసి ఆ పని చెల్లోకి ఇచ్చాం. గిటారిస్ట్ కింది రెండు తీగల జోలికి వెళ్లడు. కర్రలు వదిలి బ్రష్‌లు పట్టమంటే డ్రమ్మర్ మాత్రం అలిగాడు. అలుగుతారు, బతిమాలుకోవాలి.

1966లో బీటిల్స్ 'ఎలినార్ రిగ్బీ' రికార్డు చేసినప్పుడు నాలుగు వయొలిన్లు, రెండు వయోలాలు, రెండు చెల్లోలు వాడారు. గిటార్ లేదు, డ్రమ్స్ లేవు. అయినా ఆ విల్లు దెబ్బల్లో ఎంత ఊపు ఉందో వినండి. క్వార్టెట్‌కి వెనకాల సాగదీసే స్వరాలు మాత్రమే ఇస్తే వాళ్లకి విసుగొస్తుంది, పాటకీ ఒరిగేదేమీ ఉండదు. రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వరస) వాళ్ల చేత వాయించండి.

ఇంకోటి, చాలామంది పట్టించుకోనిది: శ్రుతి. రాక్ గిటారిస్టులు చాలాసార్లు తీగలన్నీ అర స్వరం దించుకుంటారు. వాళ్లకి హాయిగానే ఉంటుంది, కానీ ఆ స్కేళ్లలో వయొలిన్ వాళ్లకి ఓపెన్ తీగలు (వేలు పెట్టకుండా మోగించేవి) దాదాపు పనికిరావు, మోత తగ్గుతుంది. మామూలు శ్రుతికి వచ్చి డి, జి, ఎ స్కేళ్లలో పాట పెట్టుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది.

టెంపో దగ్గర గొడవ వస్తుంది, రానివ్వండి. క్వార్టెట్ వాళ్లు వాక్యం చివర కాస్త ఆగుతారు, డ్రమ్మర్ ఆగడు. డ్రమ్స్ లేని చోట మొదటి వయొలిన్ సైగ చేయాలి, ఉన్నచోట అందరూ డ్రమ్మర్ వెంటే నడవాలి. ఇది ముందే తేల్చుకోండి.

ఇక మైకులు. మామూలు మైకు పెడితే అందులోకి డ్రమ్సే ఎక్కువ వెళ్తాయి. బ్రిడ్జికి (తీగల్ని మోసే చెక్కముక్కకి) తగిలించే పికప్, అంటే కంపనాన్ని నేరుగా అందుకునే చిన్న పరికరం, నయం, ధ్వని కాస్త గరుకుగా ఉన్నా సరే. డబ్బు ఒక్కదానికే ఉంటే చెల్లోకే కొనండి, వయొలిన్లు పైస్థాయిలో ఎలాగో నెట్టుకొస్తాయి.