ముద్దాయి ఎటు నిలబడాలి?

సందేహం: మా వీధిలో దొంగతనం కేసులో నిన్న ఒకతన్ని అరెస్టు చేశారు. ఒక పత్రిక అతన్ని ‘నిందితుడు’ అంది, ఇంకొకటి ‘ముద్దాయి’ అంది. టీవీలో ‘నేరస్థుడు’ అనేశారు. ఈ మాటలన్నీ ఒకటేనా? ఏది ఎప్పుడు వాడాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: ఒకటి కాదమ్మా. ముందు ‘ముద్దాయి’ సంగతి చెప్పనివ్వండి. ఈ మాట తెలుగులోకి వచ్చేసరికి కోర్టులో అటు నిలబడవలసినవాడు ఇటు వచ్చి నిలబడ్డాడు.

దీని పుట్టిల్లు అరబ్బీ. మనం వేసే ‘దావా’, ఈ ముద్దాయి ఒకే ధాతువు పిల్లలు. దావా వేసేవాడు ‘ముద్దఈ’. ఎవరి మీద వేశారో అతను ‘ముద్దఆ అలైహి’. అలైహి అంటే ‘అతని మీద’ అని. పారశీకం కోర్టు భాషగా ఉన్న రోజుల్లో ఈ జంట మాటలు దేశమంతా తిరిగాయి. 1837 చట్టంతో కంపెనీ కోర్టుల్లో పారశీకం పక్కకు తప్పుకున్నా వకీలు, వకాల్తా, జామీను, హాజరు, ఖైదు మనతోనే ఉండిపోయాయి.

ఉర్దూ, హిందీల్లో ఇప్పటికీ ముద్దఈ అంటే దావా వేసినవాడే. ‘ముద్దఈ సుస్త్, గవాహ్ చుస్త్’ అని వాళ్ల సామెత. అసలు కక్షిదారు నీరసంగా ఉంటే సాక్షి హుషారుపడ్డాడట! మన తెలుగులో మాత్రం ముద్దాయి అంటే బోనులో నిలబడ్డవాడు. ఉర్దూ మీడియంలో చదువుకున్న ఒక పెద్దాయన ‘ముద్దాయికి ఏడేళ్ల జైలు’ అన్న తెలుగు వార్త విని, ఫిర్యాదు చేసినందుకు జైలేమిటని కంగారుపడటం నేను చూశాను.

ఎందుకిలా తిరగబడింది? నా ఊహ చెబుతాను, ఊహగానే తీసుకోండి. నేరం కేసుల్లో మొరపెట్టుకున్నవాడికి పారశీకం నుంచి ‘ఫిర్యాది’ అనే మాట వచ్చి స్థిరపడింది. ఆ చోటు నిండిపోయింది. రెండో మాటేమో పలకడానికి నోరు తిరగనిది. దాని తోక ‘అలైహి’ జనం నోట అరిగిపోతే మిగిలిన ముక్కకూ ‘ముద్దఈ’కీ తేడా తెలియకుండా పోయి ఉంటుంది. ఏమైనా ఈ అర్థం ఇప్పుడు తెలుగుది. అరబ్బీ చూపించి దిద్దబోతే నేనే ఒప్పుకోను.

ఇక ‘నిందితుడు’. నింద పడ్డవాడు, అంతే. నింద నిజమో కాదో ఆ మాట చెప్పదు. వినాయక చవితినాడు అక్షింతలు పట్టుకుని శమంతకమణి కథ వింటాం కదా, అందులో కృష్ణుడు నిందితుడే. దోషి కాదు. ‘నీలాపనింద’ అనే మాట ఇంటింటా ఉన్న జాతి మనది. అలాంటిది అరెస్టయిన రోజే మనిషిని నేరస్థుడు అనెయ్యడం నాకు బాధ కలిగిస్తుంది.

అరెస్టు చేసినవాణ్ణి ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. తర్వాత రిమాండు. నేరాన్ని బట్టి 60 రోజుల్లోనో 90 రోజుల్లోనో చార్జిషీటు వెయ్యకపోతే, లోపల ఉన్నవాడికి బెయిలు అడిగే హక్కు వస్తుంది. ఆపైన కోర్టు అభియోగాలు చదివి ఒప్పుకుంటావా అని అడుగుతుంది. కాదంటే సాక్షుల విచారణ, వాదనలు. ఇంత దూరమూ అతను నిందితుడే. నేరం రుజువైందని తీర్పు వచ్చాకే ‘దోషి’. అప్పుడైనా వెంటనే శిక్ష వెయ్యరు. నేర విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టం, 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత. దాని 258వ సెక్షన్ ప్రకారం, సెషన్స్ కోర్టు విచారించే పెద్ద నేరాల కేసుల్లో శిక్ష గురించి అతను చెప్పుకునేది వినాలి. పాత చట్టంలోనూ ఈ ఏర్పాటు ఉంది. అందుకే ‘దోషిగా తేల్చారు’, ‘శిక్ష ఖరారు చేశారు’ అనేవి రెండు వేరు వార్తలు. ‘నిందితుడికి యావజ్జీవం’ అని శీర్షిక పెట్టేవాళ్లు, ‘దోషుల అరెస్టు’ అని చదివేవాళ్లు ఒక్క క్షణం ఆగితే ఈ తప్పు రాదు.

‘అనుమానితుడు’ అంటే పోలీసుల చూపు పడ్డవాడు మాత్రమే. ‘నేరస్థుడు’ కూడా దోషి లాగే తీర్పు తర్వాతి మాట. ‘ఖైదీ’ అంటే జైల్లో ఉన్నవాడు, విచారణ ఖైదీ కూడా ఖైదీయే.

‘ముద్దాయి’కి మాత్రం గీత గియ్యలేను. కోర్టు కాగితాల్లో మొదటి నుంచి శిక్ష దాకా అదే మాట నడుస్తుంది, అది తప్పు అనలేం. మీ వీధి కేసు ఇంకా రిమాండు దగ్గరే ఉంది కాబట్టి ‘నిందితుడు’ అనండి. ‘ముద్దాయి’ అన్నా తప్పుపట్టను. ‘నేరస్థుడు’ అన్న టీవీవాళ్లకు మాత్రం ఒక ఉత్తరం రాయండి.