అడుగు అరగకపోయినా బూట్లు అయిపోవచ్చు

ఎనిమిది నెలల బూట్లు పైకి కొత్తగానే ఉన్నాయని, అయినా పరుగు తరువాత మోకాలి కింద ముందు ఎముక నొప్పిగా ఉంటోందని రాశారు. మీరు చూస్తున్నది పైగుడ్డను, అడుగు రబ్బరును. ముందుగా సత్తువ కోల్పోయేది ఆ రెండింటి మధ్య ఉన్న నురుగు పొర. అది చదునుబడినా కంటికి తెలియదు.

వారానికి పాతిక కిలోమీటర్లన్నారు కదా, లెక్క వేస్తే ఇప్పటికే 850 దాటింది. పరుగు బూట్లు సాధారణంగా 500 నుంచి 800 కిలోమీటర్ల వరకే వస్తాయి. ఒంటి బరువు ఎక్కువైతే ఇంకా ముందే పోతాయి.

బూట్లను బల్ల మీద పెట్టి వెనక నుంచి చూడండి. మడమ ఒక పక్కకు ఒరిగిందా? నురుగు పక్కన అడ్డంగా ముడతలు పడ్డాయా? నాకు ఎక్కువ నమ్మకమైన పరీక్ష వేరే ఉంది: దుకాణంలో ఒక కాలికి పాతది, మరో కాలికి అదే రకం కొత్తది తొడిగి నాలుగు అడుగులు వేయండి. తేడా మీ కాలికే తెలుస్తుంది.

కొత్త జతతో మొదటి రెండు వారాలు చిన్న పరుగులే చేయండి. ఒక్కమాట మాత్రం తప్పక వినండి: ఎముక మీద ఒకే చోట వేలితో నొక్కితే నొప్పి పుడుతుంటే, పరుగు ఆపి ముందు ఎముకల వైద్యుడిని కలవండి.