పాపకి అక్షరాలు నేర్పేటప్పుడు

చిరంజీవి అమ్మాయికి,

పాపకి నాలుగేళ్లు నిండాయి, అక్షరాలు ఎలా మొదలుపెట్టమంటావని అడిగావు. 'అ' నుంచి వరసగా దిద్దించే పని మాత్రం పెట్టుకోకు. వల్లెవేయడం వస్తుంది గానీ, మధ్యలో ఒక అక్షరం చూపించి ఇదేమిటే అంటే మళ్లీ మొదటి నుంచి చదువుకుంటూ వస్తుంది.

కొన్నాళ్లు పలక తియ్యకు. వంట చేసుకుంటూ నోటితోనే ఆడించు. "పలకలో 'ప' తీసేస్తే ఏం మిగిలింది?" అంటే "లక" అని చెప్పిందా, చెవి సిద్ధమైనట్టే.

అప్పుడు త, ల, క, ప, డ. ఈ ఐదే. పాత శుభలేఖలు కత్తిరించి, ముక్కకో అక్షరం అరచెయ్యంత రాయి. తల, కల, పలక, పడక, తడక, కడప... గుణింతం లేకుండానే ఇన్ని మాటలు. తనంతట తాను ఒక మాట చదివానన్న సంతోషం పిల్లకి మొదట్లోనే దక్కాలమ్మా.

పెద్దవాళ్లు ముద్దుగా "తా... లా..." అని సాగదీస్తారు. పిల్ల రెండూ కలిపితే "తాలా" వస్తుంది గానీ తల రాదు. కలం వేరు, కాలం వేరు కదా! 'త' అని టక్కున తెంచి పలుకు. పొట్టిదానికి ఒక చిటిక, దీర్ఘానికి రెండు.

పోలికలున్న అక్షరాలు ఒకేసారి ఇవ్వకు. 'ప'కి తలకట్టు విడిగా ఉంటుంది, 'వ'కి అంటుకుని ఉంటుంది. అంత చిన్న తేడా ఆ వయసు కంటికి ఆనదు. 'ప' గట్టిపడ్డాకే 'వ' ఇచ్చి వల, వడ, పడవ చదివించు. ద, ధ, థ కూడా అంతే. 'మ', 'వు' దగ్గర చాలామంది పిల్లలు తడబడతారు, కోప్పడకు. ఖ, ఘ పలికేటప్పుడు నోటి ముందు అరచెయ్యి పెట్టించు, గాలి తగలాలి. శ, ష తేడాకి ఇప్పుడే పట్టుబట్టకు. మన ఇళ్లలో పెద్దవాళ్లమే సరిగా పలకం.

రాయడం ముందు పళ్లెంలో రవ్వ పోసి వేలితో, తర్వాత పలక మీద బలపంతో. ఎక్కడ మొదలుపెట్టాలో చుక్క పెట్టివ్వు. రోజుకి పది నిమిషాలు చాలు.

గుణింతం పాటలా వద్దు. ఒక్కో గుర్తునీ పాపకి వచ్చిన అక్షరాలన్నిటికీ తగిలించు: దీర్ఘంతో తాత, పాప, కాపలా, గుడితో తడి, పిలక, పిడక. ఒత్తుల్లో ముందు కప్ప, పక్క. త, న, మ, య, ర, ల ఒత్తులకి అక్షరం పోలికే ఉండదు, వాటిని విడిగా, ఒక్కొక్కటే చూపించు.

మీ పెద్దమ్మ